ఆల్చిప్పలు దొరకని చెరువు

విశాఖపట్నం వాళ్లమంటే చాలు, అందరూ సముద్రం చేపల గురించే అడుగుతారు. కోనెం ఎంత, చందువా ఎంత, హార్బర్‌కి ఎన్నింటికి వెళ్తే కానాగంతలు తాజాగా దొరుకుతాయి అని. మాది పెందుర్తి వైపు పల్లె. ఇప్పుడంటే సిటీలో కలిసిపోయి అపార్టుమెంట్లు లేచాయి గానీ, నా చిన్నప్పుడు మాకు సముద్రం చేప అంటే బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సు దిగే అమ్మ వచ్చిన రోజే. మిగతా రోజుల్లో చేప కావాలంటే వాగు లాంటి గెడ్డ, చెరువు, లేకపోతే పొలం మధ్యలో బంద అనే నీటిగుంట.

ఆ చేపల రుచి తెలిసినవాళ్లకి సముద్రం చేప ఒక మెట్టు కిందే. కాదంటే వాదనకి నేను సిద్ధం.

ఏరువాక వానలు పడగానే చెరువులో చేపలు ఎదురెక్కేవి. పొర్లుకట్ట మీంచి నీళ్లు జారుతుంటే ఆ నీటికి ఎదురుగా పక్కెలు, చేదుపరిగెలు, జెల్లలు మడుల్లోకి వచ్చేసేవి. పెద్దవాళ్లు మళ్ల గండ్ల దగ్గర చేపలు పట్టే మావులు పెట్టేవారు. మేము పిల్లగుంటలం చేతులతోనే పట్టేవాళ్లం. గొరకలైతే వాన జోరుగా పడుతున్నప్పుడు నీళ్లు వదిలేసి బాట మీద మొప్పల ముళ్లు ఆనించుకుంటూ పాక్కుంటూ పోయేవి. ఇంగిలాయి జోలికి మాత్రం ఎవరం పోయేవాళ్లం కాదు. దాని రెక్క ముల్లు గుచ్చుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. మా బావకి ఒకసారి అరచేతిలో దిగింది. కుంపటి సెగకి చెయ్యి పెట్టి కూచుని, తెల్లార్లూ ఏడుస్తూ ఇంటిల్లిపాదినీ తిట్టాడు.

మార్పు చేపలు తెస్తే మామ్మ బూడిద పోసి, గరుకు రాయి మీద రుద్ది, జిగురు వదిలేదాకా కడిగేది. పులుసు మట్టి దాకలోనే కాచేది. రాత్రి కాచినది పొద్దున్న చద్దన్నంలో తినాలి. ఇక దీని గురించి ఎక్కువ రాస్తే అసలు సంగతి పక్కకి పోతుంది.

అసలు సంగతి ఆల్చిప్పలది.

మాగాయ పెట్టే రోజుల్లో మామిడికాయ చెక్కు తీయడానికి మా ఇంట్లో పీలర్లూ గీలర్లూ లేవు. చెరువు ఆల్చిప్పే. అరచెయ్యంత చిప్ప తీసుకుని, వీపు భాగం గచ్చు మీద నీళ్లు చల్లుకుంటూ అరగదీస్తే మధ్యలో గింజంత కన్నం పడుతుంది. ఇంకాస్త అరగదీస్తే కన్నం అంచు పదును తేలుతుంది. ఆ కన్నాన్ని కాయకి ఆనించి లాగితే పచ్చటి చెక్కు సన్నగా రిబ్బనులా పైకి వస్తుంది. లోపలి కండ ఒక పిసరు కూడా పోదు. చిప్ప లోపల ముత్యపు మెరుపు ఉంటుంది కదా, చెక్కు తీస్తున్నప్పుడు పులుపు రసం తగిలి అది కొంచెం కొంచెంగా మాసిపోయేది. అంచు కూడా ఒక్క కాలానికే మొద్దుబారిపోయేది. అందుకని ఏటేటా కొత్త చిప్పలు కావాలి. ఎండాకాలం చెరువు వెనక్కి తగ్గినప్పుడు బురదలో కాలితో తడిమితే తగిలేవి. చచ్చినవి వద్దు, బతికున్న చిప్పకే గట్టిదనం అనేది మామ్మ.

"ఒరే గుంటడా, గట్టు దిగి నాలుగు సిప్పలు సూసి పట్రా" అని పంపేది. నేను వెళ్లి పది తెచ్చేవాణ్ణి.

నేను హైస్కూలుకి వచ్చేసరికి చెరువుకి ఎగువన ఉన్న పాత గ్రావెల్ గుంతలో చెత్త పొయ్యడం మొదలైంది. రోడ్లకి కంకర తవ్వి వదిలేసిన గొయ్యి అది. ట్రాక్టర్లు వచ్చేవి, తర్వాత లారీలు. ఎవరు పోయించారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది ఇప్పుడు తవ్వి లాభం లేదు. అప్పట్లో ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కూడా. గొయ్యి పూడితే మంచిదేగా, పశువులు పడిపోకుండా ఉంటాయి అన్నారు. మా పిల్లకాయలకైతే అదో తిరనాళ్లు. సోడా మూతలు, తెగిన టేపు రీళ్లు, బ్యాటరీ సెల్లులు. సెల్లులు పగలగొట్టి లోపలి నల్ల పుల్లతో బడి గోడల మీద రాసేవాళ్లం.

మన ఊళ్ల చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. కూరగాయల తుక్కు, అన్నం, అరటాకులు, కొబ్బరి బొండాలు. అది గుట్టగా పడి ఉంటే దానిలో ఉన్న నీరే కిందకి దిగుతుంది. పైన వాన పడితే ఆ నీరు గుట్టలో ప్రతి పొరనీ కడుక్కుంటూ, కుళ్లినదాన్నీ తుప్పుపట్టినదాన్నీ కరిగించుకుంటూ అడుగుకి చేరుతుంది. ఇంజనీర్లు లీచేట్ అంటారు, మా ఊళ్లో చెత్త ఊట అనేవారు. గ్రావెల్ గుంతకి అడుగున బంకమట్టి ఉండదు, అంతా రాళ్లూ ఇసకా. పోసిన నీరు పోసినట్టే ఇంకుతుంది. ఇంకి, గట్టు వాలులో ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికొస్తుంది.

మాకు మొదట కనిపించింది ఆ బయటికొచ్చిన చోటే. చెరువు పై గట్టున, తాటి చెట్ల వరస దగ్గర, ఎండాకాలంలో కూడా తడిగా ఒక చార. చిక్కటి టీ డికాక్షన్ రంగు. దాని అంచుల వెంట మట్టి ఎర్రగా, తుప్పు మెత్తినట్టు. నీళ్ల పైన రంగురంగుల తెట్టు. డీజిలు కలిసిందేమో అనుకుని మా బావ పుల్లతో కదిపాడు. డీజిలైతే పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతుంది. ఇది గాజు పలక పగిలినట్టు ముక్కలు ముక్కలుగా విడిపోయింది, మళ్లీ అతుక్కోలేదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అది నూనె కాదు, ఇనుము. చెత్తలో గాలి అందక కరిగిపోయిన ఇనుము బయట గాలి తగలగానే సూక్ష్మజీవుల సాయంతో తుప్పుగా మారి నీటి పైన కట్టే పొర. ఆ పొర ప్రమాదకరం కాదు. కానీ అది కనిపించిందంటే కింద నేలలో ప్రాణవాయువు అయిపోయిందని లెక్క.

ఇంటర్ చదివే రోజుల్లో ఒక వేసవి, మామ్మ మామూలుగానే చిప్పలు తెమ్మంది. కాలితో తడిమితే తగిలాయి. తీసి చూస్తే అన్నీ నోరు తెరుచుకున్న చచ్చిన చిప్పలు. లోపల నల్లటి బురద. చిన్నవి ఒక్కటీ లేవు. బతికున్నది ఒక్కటైనా దొరుకుతుందేమోనని చెరువు తూము, అదే మదుం దాకా వెతికాను. మామ్మ చూసి ఏమనలేదు. పాత చిప్పనే మళ్లీ గచ్చు మీద పదును పెట్టుకుంది. మరుసటి ఏడాదికి అమ్మ పెందుర్తి సంతలో స్టీలు పీలరు కొంది.

చేపలు మాత్రం ఇంకా ఉన్నాయి. అందుకే చెరువుకి ఏదో అయిందన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆల్చిప్ప బతుకు విచిత్రమైనది. కదిలి పారిపోలేదు. బురదలో సగం పాతుకుని రోజంతా నీళ్లు లోపలికి లాగి, వడగట్టి, బయటికి వదులుతుంది. నీళ్లలో ఏది ఉంటే అది దాని ఒంట్లోకి వెళ్తుంది. దాని పిల్లలు మరీ సుకుమారం. పుట్టగానే ఏదో ఒక చేప మొప్పకో రెక్కకో అంటిపెట్టుకుని కొన్నాళ్లు బతికి, తర్వాత బురదలోకి రాలుతాయి. చెత్త ఊటలో చాలా ఎక్కువ కాలం వస్తూ ఉండే విషం అమ్మోనియా. దానికి మొదట చచ్చేవాటిలో ఈ చిప్ప పిల్లలు ఉంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2013లో ఉప్పు లేని నదులు, చెరువుల నీళ్లలో అమ్మోనియా హద్దుని కఠినం చేసిందంటే, చేపలకి చాలుతుందనుకున్న పాత హద్దు ఆల్చిప్పలకి చాలట్లేదని తేలడం వల్లే. మా చెరువులో చిన్న చిప్పలు కనపడకపోవడానికి అర్థం నాకు అది చదివాక గానీ తగల్లేదు. పెద్దవి ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఉన్నట్టే కనిపించాయి. కింద తరం ఎప్పుడో ఆగిపోయింది.

తర్వాత ఏవి పోయాయో ఇప్పుడు కూర్చుని వరస చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. తూనీగలు తగ్గాయి. వాటి పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి, దోమ పిల్లల్ని తినే పని వాటిదే. అవి తగ్గాక దోమలు పెరిగాయి. అందరూ సిటీ దగ్గరకొచ్చింది కదా దోమలు రావా అన్నారు. వానాకాలం రాత్రి కప్పల గోల తగ్గింది. హాయిగా నిద్ర పడుతోందన్నారు. తర్వాత పక్కెలు. వేపుడు చేసుకునే ఆ వెండి చేపలు మావుల్లో పడడం మానేశాయి. ఇంకెక్కడో పట్టేసుకుంటున్నారని కింది ఊరివాళ్ల మీద అనుమానపడి ఒకసారి పెద్ద గొడవే అయింది. ఇదే సమయంలో గట్టు వార బురదలో ఎర్రటి పురుగులు కనిపించడం మొదలైంది. గాలం వేసేవాళ్లు ఎర బాగా దొరుకుతోందని సంబరపడ్డారు. ఆ పురుగుల ఎరుపు మన నెత్తురు ఎరుపే, హిమోగ్లోబిన్. గాలి దాదాపు లేని బురదలో కూడా ఉన్న కాస్తనీ పట్టుకోగలవు కాబట్టి, మిగతావి ఖాళీ చేసిన చోటంతా అవే.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీలో చేరాక ఒక ప్రాక్టికల్‌కి ఎవరి ఊరి నీళ్లు వాళ్లు తెచ్చుకోమన్నారు మా మాస్టారు. నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ కొలవాలి. ఆ పరీక్షకి నీళ్లు పట్టిన చోటే మందులు కలిపెయ్యాలి, లేకపోతే దారిలో లెక్క మారిపోతుంది. గాజు బిరడా ఉన్న సీసా, రెండు డ్రాపర్ బుడ్లు ఇచ్చి పంపారు. మాంగనస్ సల్ఫేటు ఒకటి, క్షారం కలిపిన అయొడైడు ఒకటి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అవి కలపగానే ఇటుక రంగు తునకలు తేలి అడుక్కి దిగుతాయి. ఎంత ముదురు రంగైతే అంత మంచిది. అసలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ల్యాబులో కుళాయి నీళ్లతో చేసినప్పుడు నాకు రంగు చక్కగా వచ్చింది.

తెల్లారగట్ల చెరువుకి వెళ్లాను. చెరువు నీళ్లు వదిలే మా నీరటి తాత అప్పటికే మదుం దగ్గర ఉన్నాడు. సీసాని నీళ్లలో ముంచి బుడగ లేకుండా నింపి, మందులు వేసి, బిరడా పెట్టి తిరగేశాను. తెల్లటి తునకలు. మళ్లీ తిరగేశాను. తెలుపే.

తాత వంగి చూశాడు. "ఏటి బాబూ, తెల్లగా వచ్చింది. మంచిదేనా?"

ఏం చెప్పాలో తోచలేదు. మధ్యాహ్నం ఇంకోసారి చూస్తానన్నాను. మధ్యాహ్నం నిజంగానే రంగు వచ్చింది, అదీ లేతగా. పగలు నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా నాచూ బురదా సూక్ష్మజీవులూ కలిసి దాన్ని తాగేస్తాయి. మన ఎండలకి 30 డిగ్రీల దగ్గర నీళ్లలో ఎంత కరిగినా లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములే. చేపలు పెరగాలంటే కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. అంటే ఉన్నదే తక్కువ. అందులో చెత్త ఊట తెచ్చే కుళ్లుని తినడానికి సూక్ష్మజీవులు వాడుకోగా, తెల్లారే వేళకి మిగిలేది ఆ తెలుపు.

మాస్టారు నా రీడింగు చూసి పరీక్ష తప్పు చేశావనలేదు. మధ్యాహ్నం పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల క్షార గుణం, ఎంత ఉందని మాత్రం అడిగారు. దాదాపు 9. ఆయన బోర్డు మీద అమ్మోనియా గీత గీసి చూపించారు. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పెద్దగా హాని చెయ్యదు, రెండోది మొప్పల్లోంచి నేరుగా నెత్తురులోకి పోతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే ఆ రెండోది ఒక్క శాతం కూడా ఉండదు. 8 అయితే 7 శాతం దాటుతుంది. 9 అయితే 40 శాతం పైమాటే. అంటే మధ్యాహ్నం నాచు ఆక్సిజన్ ఇస్తూనే, నీళ్లలో కార్బన్ డయాక్సైడు లాగేసి పీహెచ్ పెంచి, ఉన్న అమ్మోనియానే విషంగా మారుస్తోంది. చేప తన ఒంట్లో తయారయ్యే అమ్మోనియాని మొప్పల ద్వారానే బయటికి తోసెయ్యాలి. బయట అంతకన్నా ఎక్కువ ఉంటే ఎక్కడికి తోస్తుంది? రాత్రి ఊపిరి ఆడదు, పగలు విషం. మా చెరువు చేపకి రోజులో ఏ పూటా నెమ్మది లేదు.

ఆ తర్వాతి వానాకాలమే శీలావతులు తేలాయి. అప్పటికి చెరువు చేపల వేలం పాటకి వెళ్తోంది, పాటదారు పిల్లల్ని వేసి పెంచుతున్నాడు. నాలుగు రోజులు ముసురు పట్టి, ఎండ లేక, ఎగువ గుంత నిండి ఊట కాలవలా దిగింది. పొద్దున్నే గట్టు పొడుగునా చేపలు నోళ్లు పైకి పెట్టి నీటి అంచున గాలి మింగుతున్నాయి. ఎండెక్కేసరికి తెల్ల పొట్టలు. శీలావతి, బొచ్చె, మోసు. పాటదారు విషం కలిపారని కేసు పెడతానన్నాడు. కొన్నింటి మొప్పలు ఎత్తి చూశాను. మంచి చేపకి ఎర్రగా, విడివిడిగా దువ్వెన పళ్లలా ఉండాల్సినవి పాలిపోయి, జిగురు పట్టి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

కొర్రమీనులు, గొరకలు, మార్పులు, ఇంగిలాయిలు మాత్రం బతికాయి. అవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా లెక్కచెయ్యవు. ఇంగిలాయికి ఇంకో విద్య కూడా ఉంది. చుట్టూ అమ్మోనియా పెరిగితే తన ఒంట్లోదాన్ని యూరియాగా మార్చుకుని బయటికి వదిలేస్తుంది. మనం చేసే పనే. చేపల్లో ఇలా చేయగలిగినవి బహు తక్కువ. మా బావ చేతిలో ముల్లు దింపిన ఆ చేప మీద నాకు ఆ రోజు నుంచి గౌరవం పెరిగింది. కానీ ఊళ్లో "చూశావా, కొర్రమీను బాగానే ఉంది, చెరువుకేం కాలేదు" అన్నవాళ్లూ ఉన్నారు. గట్టి చేప బతికింది కాబట్టి నీళ్లు మంచివనుకోవడం మా ఊరి ఒక్కదాని అలవాటు కాదులెండి.

చెత్త విషయంలో 2000లో దేశానికంతటికీ నియమాలు వచ్చాయి. చెత్త గుంత అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద మిల్లీమీటరున్నర మందం ప్లాస్టిక్ షీటు పరచాలి, ఊటని పోగుచేసి శుద్ధి చేశాకే బయటికి వదలాలి, వదిలే నీళ్లలో అమ్మోనియా నైట్రోజన్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. శుద్ధి చెయ్యని ఊటలో అది వందల్లో ఉండడం మామూలే, వెయ్యి దాటినా వింత లేదు. 2016లో వచ్చిన నియమాలు చెత్త గుంతకీ చెరువుకీ మధ్య 200 మీటర్లు ఉండాలన్నాయి. మా గుంత గట్టు మీద నిలబడి రాయి విసిరితే చెరువులో పడేది. నియమాలు కొత్తగా తవ్వే గుంతల గురించి ఆలోచించినంతగా, ముందే నిండిపోయిన ఇలాంటి వాటి గురించి ఆలోచించలేదని నా అభిప్రాయం. అడుగున షీటు పరవాలంటే ముందు పైనున్న కొండ తియ్యాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు గురించి విశాఖ వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా చెరువు మట్టుకు, గుంత అంచు కోసుకుపోయి చెత్తే నేరుగా కిందికి జారింది. విరిగిన చెట్లు, రేకులు, తడిసిన పరుపులు కూడా తర్వాత అక్కడే పోశారు. ఆ ఏడాది నుంచి గుర్రపుడెక్క చెరువంతా కప్పేసింది. ఊటలో ఉన్న నత్రజని దానికి ఎరువు. పైనుంచి చూసినవాళ్లు ఎంత పచ్చగా ఉందో అని ఫోటోలు తీసుకునేవారు. కింద ఎండ సోకని నీళ్లు. బురదలో కర్ర గుచ్చితే కుళ్లిన గుడ్ల వాసన.

ఇప్పుడు గుంతలో చెత్త పొయ్యట్లేదు. పైన మట్టి కప్పి సరుగుడు మొక్కలు నాటారు. ఊట మాత్రం ఆగలేదు. గుట్ట వయసు పెరిగేకొద్దీ కుళ్లు తగ్గుతుంది, పులుపు పోతుంది, అమ్మోనియా మాత్రం దశాబ్దాల పాటు దిగుతూనే ఉంటుంది. ఆశ్వయుజ మాసం వానలకి తాటి చెట్ల దగ్గర ఆ చార ఇప్పటికీ వస్తుంది.

పోయినేడు మా బావ చెరువు పాట పాడదామని ఉబలాటపడ్డాడు. డెక్క తీయించి, సున్నం చల్లి, మోసు పిల్లల్ని వేస్తే రెండేళ్లలో డబ్బులే డబ్బులన్నాడు. మోసు అడుగున బురద తిని పెరిగే చేప బావా, ముందు ఆ బురదని పరీక్షకి పంపు అన్నాను. బ్యాటరీలు, పెయింటు డబ్బాలు, ట్యూబులైట్లు నానిన నీళ్లు పాతికేళ్లు దిగాయి. సీసం, కాడ్మియం లాంటివి నీళ్లలో కనపడవు, బురదని పట్టుకుని కూర్చుంటాయి. నీళ్లు తేటపడినా అవి ఎక్కడికీ పోవు.

"నువ్వు చదువుకున్నోడివి, నీకన్నీ అనుమానాలే" అన్నాడు గానీ పాటకి వెళ్లలేదు. ఇంకెవరో పాడి తిలాపియా వేశారు. అది ఎక్కడైనా పెరుగుతుంది. ఆదివారం పెందుర్తి మార్కెట్లో కిలోల లెక్కన తూస్తున్నారు. మా అమ్మ ఇప్పటికీ బుట్ట ముందు నిలబడి ఏ చెరువుదని అడుగుతుంది. ఆకివీడు లారీ అమ్మా, ఐసులో వచ్చింది అంటాడు కుర్రాడు. అయితే ఇయ్యి అంటుంది.